నడుము పట్టింది

నాట్లు మొదలై అయిదో రోజు. పద్మ నారుకట్ట ఎత్తబోయింది. నడుము కలుక్కుమంది. వంగిన మనిషి లేవలేకపోయింది. ఇద్దరు పట్టుకొని గట్టు మీద కూర్చోబెట్టారు.

"నడుము పట్టింది. సూరమ్మ చేత తొక్కిద్దాం" అంది అత్త లచ్చమ్మ.

సూరమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. అంటే పుట్టేటప్పుడు తల కాకుండా కాళ్లు ముందు వచ్చాయి. అలాంటివాళ్లు కాలితో తంతే నడుము పట్టు వదులుతుందని చాలా ఊళ్లలో నమ్మకం. సూరమ్మ ఎవరి దగ్గరా పైసా తీసుకోదు. పద్మను బోర్లా పడుకోబెట్టింది. నడుము మీద కాలితో మూడుసార్లు మెల్లగా తన్నింది.

వారం తిరిగింది. పద్మ మళ్లీ నాట్లకు పోయింది.

"చూశారా, మా సూరమ్మ వదిన కాలి మహిమ!" అని లచ్చమ్మ ఊరంతా చెప్పింది.

మహిమ కాలిదేనా?

ఆ వారమే పక్క మడిలో రత్తమ్మకు కూడా నడుము పట్టింది. ఆమె ఎవరి దగ్గరకూ పోలేదు. ఒక రోజు పడుకుంది. వేడి కాపడం పెట్టుకుంది. మర్నాటి నుంచి మెల్లమెల్లగా ఇంట్లో తిరిగింది. బరువులు మాత్రం ఎత్తలేదు. ఆమె కూడా వారానికి నాట్లకు వచ్చింది. రత్తమ్మను ఎవరు తన్నారు? ఎవరూ తన్నలేదు. అందుకే ఆమె సంగతి ఎవరూ చెప్పుకోలేదు.

మన మెడ నుంచి నడుము దాకా 24 వెన్నుపూసలు ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటిని కండరాలు పట్టి ఉంచుతాయి. రోజంతా వంగి పనిచేస్తే కండరాలు అలిసిపోతాయి. అప్పుడు బరువు ఎత్తితే పట్టేస్తాయి. ఇలాంటి నొప్పి చాలామందికి కొద్ది వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. నొప్పి బాగా ముదిరిన రోజున మనం సూరమ్మ దగ్గరకు పోతాం. మర్నాటి నుంచి నొప్పి ఎలాగూ తగ్గుముఖం పడుతుంది. పేరు మాత్రం సూరమ్మ కాలికి వస్తుంది.

నాట్లు అయ్యాక పద్మ తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చాడు. సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. ఒకాయన ఇంకొకాయన వీపు మీద చేతులు పెట్టి నొక్కుతున్నాడు. మెడ పట్టుకొని ఒక్కసారిగా తిప్పుతున్నాడు. టక్కుమని చప్పుడు.

"ఇది అమెరికా వైద్యం అక్కా! దీన్ని కైరోప్రాక్టిక్ అంటారు. జరిగిన ఎముక చోటికి వచ్చేస్తుంది" అన్నాడు తమ్ముడు.

అమెరికా మాట నిజమే. అక్కడ డేవెన్‌పోర్ట్ అనే ఊళ్లో పామర్ అనే ఆయన 1895లో ఈ వైద్యం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన చేతులతో నిమిరి రోగాలు తగ్గిస్తానని చెప్పేవాడు. ఒక చెవిటి మనిషి వెన్నుపూసను నొక్కానని, అతనికి చెవులు వినిపించాయని చెప్పాడు. నూటికి 95 రోగాలు వెన్నుపూస జరగడం వల్లే వస్తాయన్నాడు. కానీ వినికిడి నరం తలలోనే ఉంటుంది. చెవి నుంచి మెదడుకు పోతుంది. వీపులోకి రాదు. వీపు నొక్కితే చెవుడు ఎలా పోతుంది?

మరి ఆ టక్కుమనే చప్పుడు ఏమిటి? కీళ్ల మధ్య జిగురులాంటి నీరు ఉంటుంది. కీలును లాగినప్పుడు ఆ నీటిలో గాలి బుడగ పుడుతుంది. వేళ్లు విరిస్తే మెటికలు చప్పుడు చేసేది కూడా ఇలాగే. ఎముక చోటికి వచ్చిన చప్పుడు కాదు అది.

అయితే ఈ వైద్యం అంతా దొంగదేనా? అలాగని తోసిపుచ్చడం కూడా తప్పే. మామూలు నడుము నొప్పికి చేతులతో నొక్కి, సాగదీస్తే కొందరికి కొంత ఉపశమనం కలుగుతుంది. డాక్టర్లు దీన్ని పరీక్షించి చూశారు. వ్యాయామం చేస్తే ఎంత మేలో, దీనివల్లా దాదాపు అంతే మేలు. అంతకు మించి లేదు. ఉబ్బసం, చెవిపోటు, పిల్లల ఏడుపు తగ్గిస్తామంటే మాత్రం దానికి రుజువు లేదు.

మెడ సంగతి వేరు. మెదడుకు నెత్తురు తీసుకుపోయే గొట్టాలు కొన్ని మెడ ఎముకల గుండానే పోతాయి. మెడను గభాలున తిప్పితే అవి చిట్లవచ్చు. పక్షవాతం రావచ్చు. అరుదుగానే అయినా ఇలా జరిగింది. సెలూన్లో క్షవరం అయ్యాక మెడ విరిపించుకునే మగవాళ్లకు ఇంట్లో ఆడవాళ్లే ఈ మాట చెప్పాలి.

ఇక లచ్చమ్మ సంగతి.

ఆమెకు నాలుగు నెలలుగా నడుము నొప్పి. సూరమ్మ చేత మూడుసార్లు తన్నించుకుంది. తగ్గలేదు. పైగా ఎక్కువైంది. రాత్రిపూట పడుకున్నా నొప్పే. "వయసు కదా" అని సరిపెట్టుకుంది. పిల్లలకు టీకాలు వేయడానికి నర్సమ్మ వచ్చిన రోజున లచ్చమ్మ గోడ పట్టుకొని నడుస్తోంది.

"పెద్దమ్మా, సాయంత్రం పూట జ్వరం వస్తోందా?" అని అడిగింది నర్సమ్మ.

"కొంచెం వెచ్చబడుతుందమ్మా."

"చిక్కిపోయావా?"

"జాకెట్లన్నీ వదులైపోయాయి" అంది పద్మ.

నర్సమ్మ వెంటనే పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ ఎక్స్‌రే తీశారు, స్కానింగు చేశారు, ఇంకా పరీక్షలు చేశారు. వెన్నుపూసకు టీబీ అని తేలింది. టీబీ అంటే క్షయ. అది ఊపిరితిత్తులకే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఎముకలకు కూడా వస్తుంది. అప్పుడు వెన్నుపూస గుల్లబారుతుంది. దాని వెనకే వెన్నుపాము ఉంటుంది. గుల్లబారిన ఎముక మీద తన్నినా, గట్టిగా నొక్కినా అది కూలిపోవచ్చు. వెన్నుపాము నలిగితే కాళ్లు చచ్చుబడతాయి.

"మూడుసార్లు తన్నాను కదమ్మా!" అని సూరమ్మ నోట మాట రాక కూలబడింది.

లచ్చమ్మ అదృష్టం. కాళ్లు పోలేదు. టీబీ మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. వెన్నుపూస టీబీకి ఏడాది దాకా వాడాలి. మధ్యలో మానకూడదు. మొదటి రెండు నెలల్లోనే లచ్చమ్మకు జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. "ఇక చాల్లే" అంటే పద్మ ఒప్పుకోలేదు. గోడ మీద కేలండరు తగిలించింది. మాత్రలు మింగిన రోజు తానే సున్న చుడుతోంది.

సూరమ్మ దగ్గరకు జనం ఇంకా వస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఆమె కాలు ఎత్తే ముందు అడుగుతుంది. "జ్వరం వస్తోందా? చిక్కిపోయావా? కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయా, పట్టు తప్పుతున్నాయా? మూత్రం ఆగిపోయిందా? ఎక్కడన్నా కింద పడ్డావా?" వీటిలో ఒక్కదానికి అవునన్నా సరే, సూరమ్మ కాలు ఎత్తదు. చెప్పులు వేసుకొని, వాళ్లను వెంటబెట్టుకొని నర్సమ్మ దగ్గరకు నడుస్తుంది.