ఉప్పుగాలిలో దీపాలు

చి.సౌ. బుజ్జికి,

భీమిలి ఇంటికి బయట పెట్టాలనుకున్న లైట్ల జాబితా వాట్సాప్‌లో చూశాను. గేటు స్తంభాల మీద రెండు, ప్రహరీ గోడ పొడవునా స్ట్రిప్పు, మొక్కల మధ్య గుచ్చే స్పైక్ లైట్లు పది, డాబా మీంచి సముద్రం వైపుకి వంద వాట్ల ఫ్లడ్ లైటు, పెరటి మెట్ల దగ్గర సోలార్‌వి. అన్నిటి పక్కనా ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసుందని నీకు ధైర్యం. ఫోన్లో చెబితే నీ దగ్గర సగం, అల్లుడి దగ్గర పావు, ఎలక్ట్రీషియన్ దగ్గర సున్నా మిగులుతుంది. అందుకే కాయితం మీద పెడుతున్నా. ఇది ఎలక్ట్రీషియన్‌కి కూడా చదివి వినిపించు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లైటు మీద పెట్టే డబ్బులో కొంత మిగిల్చి, ఆ లైటుకి తీగ చేరే చోట ఖర్చు పెట్టు. లైట్ల రిపేరు పనిలో ఉన్నన్నాళ్ళూ పాడైన బయటి లైట్లు ఎన్నో విప్పాను. చాలావాటికి గాజు బాగానే ఉండేది, రబ్బరు వాచరూ బాగానే ఉండేది. నీళ్ళు దూరింది తీగ వెంట.

గేటు స్తంభం లైటే తీసుకో. పాడైందని పిలిస్తే వెళ్ళి మూత విప్పుతాం. లోపల గాజుకి తడి ఆవిరి, అడుగున చెంచాడు మురికినీళ్ళు, చచ్చిన చీమలు, ఒక్కోసారి ఎండిపోయిన బల్లి. స్తంభంలోంచి పైకి వచ్చిన తీగని లైటు తీగతో మెలేసి నల్ల టేపు చుట్టి ఉంటారు. ఆ టేపు జిగురు కరిగి వేలికి అంటుకుంటుంది. విప్పి చూస్తే లోపల రాగికి పచ్చగా చిలుము. ఆ చిలుము జాయింటు దగ్గరే ఆగదు, తీగ తొడుగు కోసుకుంటూ పోతే జానెడు దూరం లోపలికి కూడా కనిపిస్తుంది. వత్తి నూనెని లాగినట్టు, సన్నపోగుల తీగ నీళ్ళని లాగేస్తుంది.

ఎందుకు లాగుతుందో కూడా తెలుసుకో. రాత్రి లైటు వెలిగినంతసేపూ లోపలి గాలి వేడెక్కి కొంత బయటికి పోతుంది. ఉన్నట్టుండి వాన పడితే ఫిట్టింగు చప్పున చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ ఖాళీ నింపడానికి ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణించి బయటి తడిని పీలుస్తుంది. గాజు చుట్టూ వాచరు బిగువుగా ఉంటే మిగిలిన సందు తీగే. మంచి కంపెనీల ఫిట్టింగుల్లో గాలిని పోనిచ్చి నీటిని ఆపే చిన్న పొర బిళ్ళ ఒకటి ఉంటుంది, బ్రీదర్ అంటారు. కొనేటప్పుడు అది ఉందేమో అడుగు.

ఇప్పుడు అట్టపెట్టె మీది అంకెలు. ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటకి విలువ లేదు, ఐపీ అంకె ఉండాలి. అందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 6 అంటే దుమ్ము అసలు దూరదు. ఐపీ65 అంటే 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్ల ధారని అన్ని వైపుల నుంచీ కొట్టినా తట్టుకుంటుంది. ఐపీ66కి ఆ ధార నిమిషానికి 100 లీటర్లు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచి చూస్తారు. చాలామందికి తెలియని మెలిక ఇక్కడుంది. 67 పెద్ద అంకె కాబట్టి 66 చేసేదంతా అది కూడా చేస్తుందనుకోకు. మునక పరీక్ష వేరు, ధార పరీక్ష వేరు. రెండూ కావాలంటే రెండు అంకెలూ విడివిడిగా రాసి ఉండాలి. గోడకి, స్తంభానికి 65 చాలు. సముద్రపు గాలి వానని అడ్డంగా కొట్టే వైపు 66 తీసుకో. నేలలో పాతేవాటికి 67 కావాలి, కింద జానెడు కంకర పోయించాలి, నీళ్ళు ఇంకిపోవడానికి.

అయితే ఈ పరీక్షలన్నీ కొత్త ఫిట్టింగు మీద, మంచినీళ్ళతో చేసేవి. మూడేళ్ళు ఎండలో ఉన్నాక వాచరు ఏమవుతుంది, ఉప్పుగాలికి మర ఏమవుతుంది అన్నది ఐపీ అంకె చెప్పదు. మీ ఇంటికి సముద్రం కూతవేటు దూరం. కాబట్టి మరల సంగతి చూడు. పెట్టెతో వచ్చే మెరిసే మరలకి అయస్కాంతం ఆనించు. గట్టిగా అతుక్కుంటే పూత పూసిన ఇనుము, ఒక్క వానాకాలానికే తుప్పు కారి గోడ మీద గోధుమరంగు చారలు పడతాయి. స్టెయిన్‌లెస్‌లో కూడా రెండు రకాలు దొరుకుతాయి, 304, 316. సముద్రం పక్కన 316 కావాలి. బోల్టు తల మీద ఏ4 అని చెక్కి ఉంటే అది 316 రకం, ఏ2 అంటే 304. దుకాణంలో అడిగితే విసుక్కుంటారు, అయినా అడుగు. బిగించేటప్పుడు మరకి కాస్త గ్రీజు రాయమను. అల్యూమినియంలో స్టీలు మర ఉప్పుతడికి బిగుసుకుపోతే ఇక సుత్తి, ఉలి తప్ప దారి ఉండదు.

బాడీ అల్యూమినియం అయితే పౌడర్ కోటింగు ఎక్కడా గీసుకుపోకుండా చూసుకో. గీత పడిన చోట తెల్లటి పొడి లేస్తుంది, ఆ పక్కనే పూత బుడగలా ఊడుతుంది. నన్నడిగితే ఎండకి నిలిచే పాలీకార్బొనేట్ బాడీయే మీ ఇంటికి మేలు, లోహం గొడవే ఉండదు. చవక ప్లాస్టిక్ మాత్రం వద్దు, పసుపెక్కి పెళుసుబారుతుంది.

ఇక జాయింట్లు. మెలేసి టేపు చుట్టే పద్ధతి ఒక్క చోట కూడా ఒప్పుకోవద్దు. ప్రతి లైటు దగ్గరా చిన్న ఐపీ65 జంక్షన్ బాక్సు, దానికి తీగ లావుకి సరిపడా, తీగ చుట్టూ బిగిసి సందు మూసే గ్లాండు. తీగ బాక్సులోకి కింది వైపు నుంచే వెళ్ళాలి, పై నుంచి కాదు. వెళ్ళే ముందు తీగని కాస్త కిందికి వేలాడేలా వంపు తిప్పమను. నీళ్ళు ఆ వంపు దగ్గర బొట్లుగా రాలిపోతాయి, లోపలికి నడవవు. స్తంభంలోంచి వచ్చే పైపు నోటికి సీలెంటు పూయమను, చీమలూ బల్లులూ అక్కణ్ణించే వస్తాయి. మట్టిలో తీగ కలిపే పని అసలు పెట్టుకోవద్దు. తప్పనిసరైతే జెల్ నింపిన కనెక్టర్లు దొరుకుతాయి, అవే వాడాలి.

ప్రహరీ గోడ స్ట్రిప్పు గురించి నాకు అంత ఇష్టం లేదని ముందే చెబుతున్నా. అంగడిలో ఐపీ67 అని అమ్మేది చుట్ట మొత్తానికి. మీ గోడ కొలతకి కత్తిరించిన క్షణమే ఆ చివర అంకె పోతుంది. చివర మూతపెట్టి సిలికాన్ నింపితేనే మళ్ళీ వస్తుంది, అది ఓపిగ్గా చేసేవాళ్ళు తక్కువ. నీకు అంత మోజుగా ఉంటే ఆ గోడ పైఅంచు కింద, వాన నేరుగా తగలని చోట, అల్యూమినియం పట్టీలో పెట్టించు. గోడ నెత్తిమీద మాత్రం వద్దు.

స్పైక్ లైట్లు 230 వోల్టులవి తీసుకోకు. పిల్లలు తడికాళ్ళతో తిరిగే చోటు, తోటమాలి గునపం దింపే చోటు. 24 వోల్టులవి పెట్టు, 230ని 24కి దించే డ్రైవర్ ఇంటి గోడకి సన్‌షేడ్ కింద ఉంటుంది. 12 కాకుండా 24 ఎందుకంటే, పది లైట్లు ఆరేసి వాట్లు అంటే 60 వాట్లు. 12 వోల్టులకి 5 ఆంపియర్లు. డ్రైవర్ నుంచి 20 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ లాగితే, పోనురాను కలిపి దారిలోనే దాదాపు 2.4 వోల్టులు తగ్గిపోతాయి, అంటే అయిదో వంతు. చివరి లైట్లు నీరసంగా వెలుగుతాయి. 24 వోల్టులకైతే కరెంటు సగం, పోయేది 1.2 వోల్టులు, నూటికి అయిదు పాళ్ళే.

డ్రైవర్ అంటే గుర్తొచ్చింది. 50,000 గంటలు అని రాస్తే అది ఎల్‌ఈడీ చిప్పు లెక్క, వెలుగు 70 శాతానికి తగ్గేదాకా. రోజుకి 12 గంటలు వెలిగితే పదకొండేళ్ళ పైమాట. కానీ లైటు ఆరిపోయేది చాలావరకు చిప్పు పోయి కాదు, డ్రైవర్‌లో కెపాసిటర్ ఎండి. దాని శత్రువు వేడి. అందుకే డ్రైవర్ విడిగా తీసి మార్చుకునే రకం కొను. మూసేసి ఒకటే ముద్దగా వచ్చేవి పోతే చెత్తబుట్టకే. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు చూడు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. పేరు తేడాగా ఉంటే అక్కడే వదిలేసి రా.

2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుఫాను తర్వాతే మన విశాఖ వీధుల్లో పాత సోడియం దీపాలు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి, ఈఈఎస్‌ఎల్ వాళ్ళు 90 వేల పైచిలుకు మార్చారు. వీధివి నిలుస్తున్నాయి కదా, ఇంటివి ఎందుకు పోతాయని అల్లుడు అడగవచ్చు. వీధి దీపానికి పిడుగుపాటు పోటుని తట్టుకునే సర్జ్ ప్రొటెక్టర్ విడిగా ఉంటుంది, ఇంటికి కొనే చవక లైటులో ఉండదు. పైగా గాలివానకి లైను మీద న్యూట్రల్ తెగితే ఇంటికి వచ్చే 230 కాస్తా 300 దాటి పోతుంది. మెయిన్ బోర్డులో పోటుకి సర్జ్ ప్రొటెక్టర్, వోల్టేజి మితిమీరితే లైను తెంచే ఓవర్‌వోల్టేజి ప్రొటెక్టర్, రెండూ పెట్టించు. 

బయటి లైన్లకి విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి, ఉండాలి. దీని మీద నేను గట్టిగా పట్టుబడతాను. ఇల్లంతటికీ ఒక్కటే పెడితే ఏం జరుగుతుందో తెలుసా? వాన రాత్రి గేటు లైటులో తడి చేరి అది పడిపోతుంది, ఇల్లంతా చీకటి. రెండుసార్లు అలా జరిగేసరికి ఎవరో ఒకరు ‘ఇది ఊరికే ట్రిప్ అవుతోందండీ’ అని దాన్ని దాటించి నేరుగా తీగ కలిపేస్తారు. అది ఊరికే పడలేదు, మనిషిని కాపాడుతోంది. విడిగా ఉంటే బయట మాత్రమే ఆరుతుంది, తెల్లారాక తీరిగ్గా వెతుక్కోవచ్చు. 230 వోల్టులతో నడిచే, లోహపు బాడీ ఉన్న ప్రతి లైటుకీ ఎర్తు తీగ తప్పనిసరి. రెండు తీగలే లాగి సరిపెడతానంటే కుదరదని చెప్పు.

సోలార్ వాటి మీద ‘100 వాట్లు’ అని ఉంది చూశావా? దాని పలక 6 వాట్లది. మన ఎండకి రోజుకి నాలుగున్నర గంటల పూర్తి ఎండ లెక్కేస్తే వచ్చేది 27 వాట్ అవర్లు. దాన్ని 12 గంటలకి పంచితే రెండు వాట్ల చిల్లర. మెట్లు కనిపించడానికి అది సరిపోతుంది, కాబట్టి కొనుక్కో, కానీ వంద అన్న అంకెకి డబ్బు ఇవ్వకు. బ్యాటరీ లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ రకమేనా అని చూడు, వేడికి అదే ఓర్చుకుంటుంది.

చివరిగా ఆ ఫ్లడ్ లైటు. అది నేను పెట్టనివ్వను. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరం ఇసుకలో గుడ్లు పెడతాయి, జనవరి నుంచి మార్చి దాకా. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికి వచ్చి, ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు సముద్రం అనుకుని పాకుతాయి. నీ డాబా మీది తెల్లటి వెలుతురు చూసి రోడ్డు మీదికొస్తే తెల్లారేసరికి కాకుల పాలు, చక్రాల పాలు. సముద్రం వైపు ఏదైనా కావాలంటే, కిందికి మాత్రమే వెలుతురు పడేలా పైన టోపీ ఉన్న కాషాయరంగు లైటు తక్కువ ఎత్తులో పెట్టు, తొమ్మిది దాటాక ఆర్పెయ్. మిగతా చోట్ల కూడా వెలుతురు రంగు 3,000 కెల్విన్ దాటొద్దు. 6,500 తెల్లలైటులో నీలం పాలు ఎక్కువ, తొలకరికి ఉసిళ్ళన్నీ దాని చుట్టే. పొద్దున్నే పోర్టికోలో రెక్కలు ఊడ్చుకుంటూ నువ్వే తిట్టుకుంటావు.

లెక్క వేశాను. స్ట్రిప్పు, ఫ్లడ్ లైటు తీసేస్తే మిగిలే డబ్బుతో గ్లాండులు, బాక్సులు, ఆర్‌సీసీబీ, 316 మరలు అన్నీ వచ్చేస్తాయి, ఇంకా కొంచెం మిగులుతుంది కూడా.

శ్రావణంలో గృహప్రవేశం అంటున్నారు. గేటు స్తంభాలకి ప్లాస్టరింగు ఇంకా కాలేదని మీ అమ్మ చెప్పింది. అయితే ఈ వారమే మేస్త్రీతో మాట్లాడి ప్రతి స్తంభంలో పైపు వేయించు, పైపులో మూడు తీగలు పట్టాలి. మొక్కల వైపు కూడా ఒక ఖాళీ పైపు వదలమను, ఇప్పుడు 25 మిల్లీమీటర్లది వేస్తే తర్వాత గోడ పగలగొట్టే పని ఉండదు. ప్లాస్టరింగు తేదీ చెబితే ముందురోజు బస్సెక్కి వస్తాను. అల్లుడికి నా ఆశీస్సులు, పిల్లలకి ముద్దులు.

మీ
మావయ్య