ముగ్గు లేని గుమ్మం

తగరపువలసలో ఒక వీధి అనుకోండి. తెల్లారేసరికి అన్ని గుమ్మాల ముందూ కళ్ళాపి, ముగ్గు. ఒక్క ఇంటి ముందే లేదు. తాళం తుప్పు పట్టింది. లోపల చెత్త, ముళ్ళకంప. చీకటి పడితే ఆడవాళ్ళు అటు వెళ్ళరు.

"కూల్చేస్తే పీడ పోతాది వదినా!" అంది ఒకామె.

అమెరికాలో హ్యూస్టన్ అనే పట్నం ఉంది. అక్కడ నల్లజాతి వాళ్ళుండే పేట థర్డ్ వార్డ్. ఆ పేటలో 22 చిన్న ఇళ్ళు పాడుపడ్డాయి. గది వెనక గది. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం కనబడేది. మన పాత ఇళ్ళలాగే! వాటినీ కూల్చేద్దామన్నారు.

రిక్ లో అనే ఆయన బొమ్మలు వేసేవాడు. ("లో" ఆయన ఇంటిపేరు.) పేదల కష్టాలే ఆయన బొమ్మలు. ఒక బడి కుర్రాడు అడిగాడు: "మా కష్టాలు మాకు తెలుసు. దారి చూపించలేవా?" అని. ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది.

1993లో మరో ఆరుగురు కళాకారులతో కలిసి ఆ ఇళ్ళు తీసుకున్నాడు. ఎందరో వచ్చి చెత్త ఎత్తారు. గోడలు బాగుచేశారు. రంగులు వేశారు. కొన్ని ఇళ్ళలో కళాకారులు తమ పనితనం చూపించారు.

బొమ్మలతో కడుపు నిండుతుందా? నిండదు. అందుకే తర్వాత కొన్ని ఇళ్ళు చిన్న వయసు తల్లులకు ఇచ్చారు. ఒంటరిగా బిడ్డల్ని పెంచుకునేవాళ్ళు వాళ్ళు. అక్కడ ఉంటూ చదువుకున్నారు.

మన వీధి ఇంటికీ యజమాని ఉంటాడు. ముందు ఆయన్ని అడగాలి. ఒప్పుకుంటే కాగితం రాయించుకోవాలి. చదివే సంతకం పెట్టాలి.

"అయితే తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కో" అంది వదిన.