నారాయణరావుపేటకు దారులు

సిద్దిపేటకు ఉత్తరముగా కొద్దిదూరమున నారాయణరావుపేట అను మండల కేంద్రము కలదు. ఇచ్చటి రైతులు వరి, మొక్కజొన్న, పత్తి పండింతురు. పంట ఇంటికి వచ్చినంత మాత్రమున రైతు చేతికి రొక్కము రాదు. అది అంగడికి చేరవలెను. చేరుటకు దారి యుండవలెను.

తెలంగాణ పటమును ఒకమారు తెరచి చూడుడు. హైదరాబాదు నుండి ఉత్తరమునకు పోవు పాత రైలుమార్గములు రెండు. ఒకటి కామారెడ్డి, నిజామాబాదుల మీదుగా మన్మాడు చేరును. ఇది 1900 ప్రాంతమున ఏర్పడినది. రెండవది కాజీపేట, పెద్దపల్లిల మీదుగా బల్లార్షాకు పోవును. ఇది 1929 నాటికి పూర్తియైనది. ఈ రెండింటి నడుమ మిగిలిన నేలలోనే సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ ఉన్నవి. రైలుకూత ఇటునుండియు రాలేదు, అటునుండియు రాలేదు.

ఆ లోటును రోడ్డు కొంత తీర్చినది. హైదరాబాదు, కరీంనగరములను కలుపు రాజీవ్ రహదారి సిద్దిపేట మీదుగానే పోవుచున్నది. మెదక్, జనగామ, సిరిసిల్లల దారులును అచ్చటనే కలియును. హైదరాబాదు అచ్చటికి సుమారు నూరు కిలోమీటర్లు. కనుకనే నారాయణరావుపేట వంటి చిన్న ఊరికి సైతము మహానగరము మరీ దూరము కాలేదు. కాని సిరిసిల్ల మగ్గములకు రావలసిన నూలు గాని, ఇచ్చటి ధాన్యము గాని లారీనే నమ్ముకొనవలసి వచ్చెను. కిరాయి పెరిగినచో ఆ భారము సాలెవానిపైనను రైతుపైనను పడక తప్పదు.

మనోహరాబాదు–కొత్తపల్లి రైలుమార్గమునకు 2016 ఆగస్టు 7న శంకుస్థాపన జరిగినది. దీని పొడవు 151 కిలోమీటర్లు. మనోహరాబాదు నిజామాబాదు మార్గము మీదను, కొత్తపల్లి కరీంనగరము చెంతను ఉన్నవి. అనగా నడుమ మిగిలిన నేలకు ఇది వారధి వంటిది. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుండి సికింద్రాబాదునకు రైలు నడచుట మొదలైనది. సిద్దిపేట దాటిన పిమ్మట ఈ మార్గమున నారాయణరావుపేట మండలములోని గుర్రాలగొంది, ఆవల సిరిసిల్ల, వేములవాడ తగులును.

రైలువలన అందరికిని ఒకే తీరున మేలు కలుగదు. పట్టాల క్రింద పొలము పోయిన రైతునకు పరిహారము ముట్టినను, తాతల నాటి మడి తిరిగి రాదు. కూరగాయలకు రైలుకన్న లారీయే అనువు. అది చేని గట్టుననే నిలిచి, తెల్లవారకముందే అంగడిలో దింపును. బియ్యము, ఎరువులు, నూలు వంటి బరువైన సరకులకు మాత్రము రైలు చౌక. పట్టణమున చదువుకొను పేద విద్యార్థికిని అంతే.

మరియు రైలు ఊరి ప్రక్కగా పోవుట వేరు, ఊరివారికి అందుట వేరు. గుర్రాలగొందికి చుట్టుపట్ల పల్లెలనుండి వానకాలమునను బండి నడువగల బాటయు, రైలు వేళకు అందించు బస్సును ఉన్ననే ఆ స్టేషను వారిదగును. లేనిచో వారు సిద్దిపేటకే పోయి రైలెక్కవలసి యుండును.