అన్ని కీళ్లనొప్పులూ ఒకటి కావు

"వాతం" అన్నమాట మన ఇళ్లలో వినపడని రోజు ఉండదు. మోకాలు పట్టేసినా వాతమే, నడుం పట్టేసినా వాతమే, చేతివేళ్లు వాచినా వాతమే. 2005–06లో చికున్‌గున్యా జ్వరాలు వచ్చిపోయాక ఆ పేరు కూడా ఈ జాబితాలో చేరింది. ఇలా అన్నిటినీ ఒకే మూటలో కట్టేయడం వల్ల ఒక జబ్బు మన కళ్లెదుటే ఉండి కూడా తప్పించుకు తిరుగుతోంది. అదే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, అనగా కీళ్లవాతం.

నేను జంతుశాస్త్రం పాఠం చెప్పేవాణ్ణి. మందు రాసే అర్హత నాకు లేదు. అయితే ఈ జబ్బును మొదటి నెలల్లోనే పట్టుకోవాలంటే వైద్యుడి కంటే ముందు ఇంట్లోవాళ్లు కనిపెట్టాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

జబ్బు స్వరూపం

ప్రతి కీలు లోపలా ఒక పలుచని పొర ఉంటుంది. బండి ఇరుసుకు కందెన వలె పనిచేసే ద్రవాన్ని అది ఊరుస్తుంది. క్రిములతో పోరాడవలసిన మన రక్షణ వ్యవస్థ ఈ జబ్బులో ఆ పొరనే శత్రువనుకొని దాడి చేస్తుంది. పొర వాచి, దళసరి అయి, పక్కనున్న మృదులాస్థినీ ఆపైన ఎముకనూ తినేస్తుంది. అలా పోయిన ఎముక మళ్లీ మునుపటిలా రాదు. ఆలస్యం చేయకూడదని చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఇంగ్లండు వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారోడ్ 1859లో దీనికి ఈ పేరు పెట్టి, గౌట్ నుంచి వేరుచేసి చూపించాడు. ఇది ముసలితనంతో వచ్చే అరుగుదల కాదు. ఎక్కువగా 30–60 ఏళ్ల మధ్య మొదలవుతుంది, చిన్నవయసులోనూ రావచ్చు. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పొగతాగే అలవాటు ముప్పును పెంచుతుంది.

గమనించవలసిన గుర్తులు

ఒకటి: పొద్దున్నే బిగుసుకుపోవడం. నిద్ర లేవగానే వేళ్లు ముడుచుకోవు. అరగంట, గంట, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువసేపు పడుతుంది సర్దుకోవడానికి. పనిలో పడ్డాక కాస్త నయమనిపిస్తుంది.

రెండు: చిన్న కీళ్లు. వేళ్ల మొదటి కణుపులు, నడిమి కణుపులు, మణికట్టు, కాలివేళ్ల మొదళ్లు. గోటి పక్క కణుపు సాధారణంగా దీని జోలికి రాదు.

మూడు: రెండువైపులా రావడం. కుడిచేతికి వచ్చినట్టే ఎడమచేతికీ వస్తుంది.

నాలుగు: వాపు. నొక్కితే మెత్తగా ఉంటుంది, ఎముకలా గట్టిగా ఉండదు. ఉంగరం బిగుసుకుంటుంది. నిన్నమొన్నటి గాజులు ఇవాళ చేతికి ఎక్కవు. ఎవరైనా చెయ్యి కలిపి నొక్కితే ప్రాణం విలవిల్లాడుతుంది.

అయిదు: ఒంట్లో నీరసం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, కొద్దిపాటి జ్వరం.

వీటిలో వాపూ, పొద్దుటి బిగువూ ఆరు వారాలు దాటితే ఇంక ఇంట్లో కూర్చోకూడదు. అంతకుముందే కనిపెట్టి వైద్యుడికి చూపిస్తే మరీ మంచిది.

పోలికతో తేడా

మోకాళ్ల అరుగుదలలో నొప్పి వాడకంతో పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దుటి బిగువు అరగంట లోపే పోతుంది. గౌట్ చాలాసార్లు ఒక్క కీలుకే, అందునా కాలి బొటనవేలికి, రాత్రికి రాత్రే మంటపెట్టినట్టు వస్తుంది. చికున్‌గున్యా ముందు జ్వరంతో వస్తుంది, ఆ తర్వాత నొప్పులు నెలల తరబడి అచ్చం కీళ్లవాతంలాగే వేధించవచ్చు. అక్కడ మనబోటివాళ్ల ఊహ పనికిరాదు, రుమటాలజిస్టు చూడవలసిందే.

రక్తపరీక్ష సంగతి

"పరీక్షలో ఏమీ లేదన్నారండీ" అని ఊరుకునేవారున్నారు. రుమటాయిడ్ ఫాక్టర్ అనే పరీక్ష జబ్బు ఉన్నవారిలో కొందరికి కనిపించదు, జబ్బు లేనివారిలో కొందరికి కనిపిస్తుంది. యాంటీ సీసీపీ అనే పరీక్ష జబ్బును మరింత నికరంగా సూచిస్తుంది, అయినా అదీ అందరిలో కనిపించదు. తొలినాళ్లలో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండవచ్చు. కనుక కాగితం కంటే కీలు ముఖ్యం.

"మా అమ్మమ్మకి ఉంది సార్, మా అమ్మకీ వస్తుందా?" అని ఒక విద్యార్థిని నన్ను క్లాసులో అడిగింది. వంశపారంపర్యం కొంత ఉంది, కానీ వచ్చి తీరుతుందని లేదు. భయపడటం కాదు, కనిపెట్టి ఉండటం కావాలి.

చికిత్స

ఇక్కడ మనం గర్వించదగ్గ విషయం ఒకటుంది. నేడు ఈ జబ్బుకు మొదటి వరుసలో వాడే మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చిందది. మొదట క్యాన్సర్‌కు వాడారు. కీళ్లవాతానికి 1988లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. గర్భిణులు వాడరాదు. మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు.

ఇకపోతే, ఊళ్లలో రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే మాత్రలిస్తుంటారు. అందులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. వైద్యుడు లెక్కగా, కొద్దికాలానికి ఇస్తే అది మందే. లెక్కలేకుండా ఏళ్ల తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ వస్తుంది, లోపల కీలు అరిగిపోతూనే ఉంటుంది. అలాగని వాడుతున్నవారు హఠాత్తుగా మానేయడమూ ప్రమాదమే. వైద్యుడితో చెప్పి నెమ్మదిగా తగ్గించుకోవాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. మన అమ్మలు నొప్పి సంగతి నోరు తెరిచి చెప్పరు. చేసే పనిలో చూడాలి. తడిబట్ట పిండలేకపోతున్నారా? అన్నం గిన్నె దించడానికి ఎవరినైనా పిలుస్తున్నారా? పొద్దున్నే వేసే ముగ్గు మానేశారా? జడ వేసుకోవడానికి చేతులు లేవడం లేదా? ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చూడండి. వేళ్ల కణుపులు మెత్తగా వాచి కనిపిస్తే, "వయసు వచ్చింది కదురా" అన్న మాట వినకండి. దగ్గరుండి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి.