పాత అంబాసిడరుకు కొత్త కీలు

మాఘమాసంలో రథసప్తమి వచ్చిందంటే మా అరసవల్లిలో సందడి ఇంతా అంతా కాదు. సూర్యనారాయణస్వామి దర్శనానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆముదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలు దిగినవారిని గుడికి చేర్చడానికి ఆటోలూ, కార్లూ తీరిక లేకుండా తిరుగుతాయి.

కొన్నేళ్ళ క్రితం మా వీధిలో ఒకాయనకు పాత అంబాసిడరు కారు ఉండేది. ఆయన బతుకుతెరువు దానిమీదే. సరిగ్గా పండుగకు నాలుగు రోజుల ముందు ఆ కారు స్టీరింగు వదులైపోయింది. స్టీరింగు చక్రాన్ని అటూ ఇటూ నాలుగేసి వేళ్ళ మేర తిప్పినా ముందు చక్రాలు కదలడం లేదు! మెకానిక్కు కారు కిందికి దూరి చూసి, "టై రాడ్డు ఎండు అరిగిపోయింది, మార్చాలి" అన్నాడు. అరచేతిలో ఇమిడే ఆ భాగం కోసం సాగిన వెతుకులాటలో ఎంత సైన్సు ఉందో చూద్దాం.

స్టీరింగు పనిచేసే తీరు

అంబాసిడరులో స్టీరింగు కడ్డీ చివర పినియను అనే చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. అది ర్యాకు అనే పళ్ళ కమ్మీని పక్కలకు జరుపుతుంది. స్టీరింగు చక్రం వ్యాసార్థం 20 సెంటీమీటర్లు, పినియను వ్యాసార్థం 1 సెంటీమీటరు అనుకోండి. ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే మీ చేతి బలం ర్యాకు దగ్గర 20 రెట్లవుతుంది. అయితే చెయ్యి 20 సెంటీమీటర్లు కదిలితే ర్యాకు జరిగేది 1 సెంటీమీటరే. బలంలో లాభం, దూరంలో నష్టం. తులాదండం పాఠమే ఇది!

ర్యాకు రెండు చివరల నుంచీ టై రాడ్లు చక్రాల దగ్గరికి వెళతాయి. రాడ్డు చివరి కీలు మన భుజంలోని బంతిగిన్నె కీలు వంటిదే. ఉక్కు బంతి ఒక గిన్నెలో అన్ని వైపులకూ తిరుగుతుంది. గిన్నె అరిగితే రాడ్డు కదిలినా బంతి వెంటనే కదలదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు అరసెకనులో 8 మీటర్లకు పైగా వెళ్ళిపోతుంది. ఆ అరసెకను ఆలస్యం ఎంత ప్రమాదమో ఊహించండి. కీలు పూర్తిగా ఊడిపోతే ఆ చక్రం ఇక డ్రైవరు మాట వినదు.

రెండు చక్రాలు, రెండు కోణాలు

పురాణాల్లో సూర్యుడి రథానికి ఒకటే చక్రం అంటారు. కనుక ఆయన సారథికి ఈ చిక్కు లేదు! కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద నడుస్తాయి. అంబాసిడరులో ముందు, వెనక చక్రాల మధ్య దూరం సుమారు 2.46 మీటర్లు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.36 మీటర్లు అనుకుందాం. 6 మీటర్ల వ్యాసార్థంతో తిరగాలంటే లోపలి చక్రం దాదాపు 25 డిగ్రీలు, బయటిది 20 డిగ్రీలు మళ్ళాలి. మ్యూనిక్ నగరంలో గుర్రపు బండ్లు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్ ఈ ఏర్పాటు కనిపెట్టగా, 1818లో ఆకెర్‌మన్ దానికి ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. దీనికి ఆకెర్‌మన్ పేరే స్థిరపడింది. రాడ్డు పొడవు తేడా వస్తే ఈ కోణాలు చెడి, టైర్లు రోడ్డుకు ఒరుసుకుని అరిగిపోతాయి.

భాగం ఎందుకు దొరకలేదు?

ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర అంబాసిడరు తయారీ మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లో అది ఆగిపోయింది. కారు తయారీ ఆగితే క్రమంగా విడిభాగాలూ అరుదవుతాయి. అప్పుడు విజయవాడ ఆటోనగరు, చెన్నైలోని పుదుపేట వంటి చోట్ల గాలించాల్సిందే.

చూపుకు ఒకటే, కొలతకు వేరు

మా కారాయనకు ఒక దుకాణంలో "ఇదీ అలాంటిదే" అని ఒక కీలు ఇచ్చారు. చూపుకు అచ్చం అలాగే ఉంది. మెకానిక్కు పాత నట్టు ఎక్కిస్తే ఎక్కింది కూడా. కాని మరీ సులువుగా ఎక్కింది! అనుమానం వచ్చి వెర్నియర్ కాలిపర్స్ కోసం నా దగ్గరికి వచ్చాడు. కొలిచాం. కొత్త పిన్ను పాతదానికన్నా అరమిల్లీమీటరుకు పైగా సన్నం.

అలాంటప్పుడు నట్టు ఎలా పట్టింది? ఒక ఉదాహరణ చూడండి. అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల బోల్టు మీద అంగుళానికి 20 మరలుంటే, మరకూ మరకూ దూరం 1.27 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల బోల్టుల్లో ఒక రకానికి ఆ దూరం 1.25. దాదాపు సమానం! అందుకే అంగుళాల నట్టు మెట్రిక్ బోల్టు మీద తిరుగుతుంది. కాని బోల్టు సన్నం కాబట్టి మరలు ఒకదానిలో ఒకటి దిగేది సుమారు సగం లోతే. గట్టిగా లాగితే నట్టు మరలు తెంపుకుని జారిపోవచ్చు.

పిన్ను మరో సంగతి కూడా చెబుతుంది. అది శంకువులా ఒకవైపు సన్నబడుతూ, అదే వాలున్న రంధ్రంలో బిగుసుకోవాలి. వాలు కలవకపోతే ఒక అంచు మాత్రమే తాకుతుంది. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదని మీకు తెలుసు. వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతుంది. అక్కడే అరుగుదల, అక్కడే పగులు మొదలవుతాయి.

"పోనీ మాస్టారూ, పండగయ్యేదాకా పాతదాన్నే వెల్డింగు చేయించేస్తే?" అని అడిగాడాయన. ఆయన బాధ నాకు తెలుసు. ఆ మూడు రోజుల సంపాదనతో ఆయనకు నెల గడుస్తుంది. కాని కమ్మరి కొడవలికి పదును పెట్టినట్టే, ఈ ఉక్కునూ లెక్క ప్రకారం కాచి చల్లార్చి గట్టిపరుస్తారు. వెల్డింగు వేడికి ఆ గుణం చెడి, అతుకు పక్కన లోహం పెళుసుబారవచ్చు. పైకి ఏమీ కనిపించదు. మెకానిక్కు కూడా "నా చేత్తో చెయ్యను బాబూ, అందులో ఎక్కేది పిల్లాపాపలు" అన్నాడు.

పండుగకు కారు కదల్లేదు. వారం తరవాత విశాఖపట్నంలో, డబ్బా విప్పని అసలు కీలు ఒకటి దొరికింది. కొలిచాం, సరిపోయింది. ఇప్పటికీ ఆయన ఏ భాగం కొన్నా పాతదాన్ని జేబులో వేసుకునే వెళతాడు.

మీరు చేసి చూడండి

ఒకే రకం స్టీలు గ్లాసులు రెండు, వేరే రకానిది ఒకటి తీసుకోండి. ఒకదాని వెలుపలంతా తడి సుద్దపొడి పలచగా పూయండి. దాన్ని తన జతలో పెట్టి కొద్దిగా తిప్పి తీయండి. మళ్ళీ పూసి వేరే రకం గ్లాసులోనూ అలాగే చేయండి. ఎందులో సుద్ద వెడల్పుగా అంటింది? ఎందులో సన్నని వలయంలా అంటింది? మెకానిక్కులు నీలిరంగు పూసి వాలును పరీక్షించేది ఇలాగే. కారణం మీ నోటుపుస్తకంలో రాయండి.