యంత్రాల నాడి

ఆళ్ళగడ్డలో శిల్పుల కార్యశాలల ముందు పరచియున్న రాళ్ళు పైకి ఒకే తీరుగా కనిపిస్తాయి. శిల్పి మాత్రం కంటిని పూర్తిగా నమ్మడు. రాతిని సుత్తితో మెల్లగా తట్టి, చెవియొగ్గి వింటాడు. ఘంటవలె ఖంగున మ్రోగితే రాయి గట్టిది. బొంగురుగా పలికితే లోపల పగులున్నదని అనుమానం. విగ్రహం సగమైన పిమ్మట ఆ పగులు బయటపడితే నెలల శ్రమ వ్యర్థం. కంప్యూటర్ల సమూహాన్ని కనిపెట్టి ఉండేవారి పని కూడా ఇటువంటిదే.

పలు కంప్యూటర్లను కలిపి ఒకే యంత్రంవలె పనిచేయించే ఏర్పాటును క్లస్టర్ అంటారు. హైదరాబాదు ఐ.ఐ.టి.లోని 'పరమ్ సేవ' ఈ కోవకు చెందినదే. నంద్యాలలో ఒక విద్యార్థిని ఇంటర్మీడియట్ ఫలితం కోసం హాల్‌టికెట్ సంఖ్యను నమోదు చేసే వేళకు లక్షలమంది అదే పనిలో ఉంటారు. ఆ భారాన్ని ఒక్క సర్వరు మోయలేదు. పలు సర్వర్లు పంచుకోవాలి. వాటిలో ఒకటి మూలబడితే దాని బరువు తక్కినవాటిపై పడి, అవికూడా ఒకదాని వెంట ఒకటి కుంగిపోవచ్చు.

అందుకే ప్రాసెసరు ఒత్తిడి, మెమరీ, డిస్కులో మిగిలిన చోటు, ఉష్ణోగ్రత మొదలైనవాటిని క్షణక్షణం కొలుస్తారు. ఇందుకై బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రోగ్రాముకు 'గాంగ్లియా' అని పేరు. నాడీసంధులని దాని అర్థం. పేరు పెట్టినవారి ఔచిత్యజ్ఞానం మెచ్చదగినది.

అంకెను చదవడం వేరు, దాని నడకను గ్రహించడం వేరు. కె.సి. కాలువ గేజి చూచే లస్కరుకు నీటిమట్టం ఎంత ఉన్నదో తెలిస్తే చాలదు. గంటగంటకు ఎంత పెరుగుతున్నదో తెలియాలి. డిస్కు నెలరోజులుగా 80 శాతం నిండి ఉంటే తొందరలేదు. నిన్న 60 శాతం ఉండి నేడు 80కి చేరినదైతే రేపటికి చోటుండదు.

ప్రతి సర్వరు కొన్ని క్షణాలకొకమారు 'ఉన్నాను' అని సందేశం పంపుతుంది. దీనిని హార్ట్‌బీట్ అంటారు. అది ఆగితే సర్వరు ఆగినట్లేనా? కాదు, నడుమ తీగ మాత్రమే తెగి ఉండవచ్చు. బ్రతికియున్న దానిని చనిపోయినదని ఎంచి దాని పనిని మరొకదానికి అప్పగిస్తే, రెండూ ఒకే సమాచారాన్ని తిరగవ్రాసి పాడుచేస్తాయి. కనుక అప్పగింతకు ముందే అనుమానిత యంత్రానికి విద్యుత్తును నిలిపివేసే పద్ధతి ఏర్పడింది.

ఎంత కనిపెట్టినా కొన్ని చేటులు చెప్పి రావు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఫలితాలను ప్రకటించారు. చెడినవాటిలో మూడవవంతుకు పైగా డిస్కులు తమ స్వీయపరీక్షలో ఏ హెచ్చరికా చూపలేదు. ముఖ్యమైన సమాచారాన్ని రెండు మూడు చోట్ల దాచడానికి కారణమిదే.

హెచ్చరికలు మితిమీరినా చిక్కే. అర్ధరాత్రి పదిమార్లు అకారణంగా ఫోను మ్రోగితే పదకొండవమారు నిద్రమత్తులో దానిని కట్టివేస్తారు. నేర్పరులు అందుకే హెచ్చరికలను వడకడతారు. ఒక సర్వరు పడిపోయినా మిగిలినవి భారం మోస్తుంటే మరమ్మతు ఉదయం వరకు ఆగవచ్చు. ఫలితం కోసం ఎదురుచూచే విద్యార్థినికి పుట తెరుచుకోనప్పుడు మాత్రం అప్పటికప్పుడే నిద్రలేపాలి.