పేడయందలి వాయువు: పొయ్యికిని పొలమునకును

వరి నాటిన మడిలో దిగినపుడు కాలి క్రిందినుండి బుడగలు లేచుట రైతులందఱు నెఱిగినదే. శ్రీముఖలింగము చుట్టుపట్ల వంశధార నీటితో పండు పల్లపు భూములలో నిది ప్రతి వర్షకాలమునను కనబడును. ఆ బుడగలలో మీథేను అను మండెడి వాయువు కలదు. 1776 సంవత్సరమున ఇటలీ దేశమున వోల్టా అను పండితుడు సరస్సు అడుగు బురదను కదిపి, పైకి వచ్చిన యీ వాయువును పట్టి, అది మండునని చూపెను.

గాలి సోకని చోట సూక్ష్మజీవులు కుళ్లు పదార్థమును తిని దీనిని పుట్టించును. ఇది యొక్క జీవి పని కాదు. మొదటి తెగవి పేడలోని పీచును విఱుగగొట్టి పులుపు చేయును; కడపటి తెగవి యా పులుపునుండి మీథేను చేయును. ఈ కడపటివి నెమ్మదైనవి, సుకుమారమైనవి. గాలి తగిలిన బ్రదుకవు. ఒక్కసారిగ పేడ యెక్కువ వేసినచో పులుపు పేరుకొని వాయువు నిలిచిపోవును. ఇవి పశువు కడుపులోనే యుండుటచేత పేడకు వేఱుగ తోడు వేయ నక్కఱలేదు.

మన దేశమున 1939 ప్రాంతమున ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాలయమున దేశాయిగారు పేడతో ఈ పరీక్షలు చేసిరి. తరువాత జశ్‌భాయి పటేలుగారు ఇనుప డ్రమ్ము తేలు గొయ్యిని కల్పింపగా ఖాదీ కమీషనువారు దానిని వ్యాపింపజేసిరి. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో ఇనుము లేదు. ఇటుక గుమ్మటమే వాయువును పట్టి యుంచును. ఖర్చు తక్కువయే గాని గుమ్మటమునకు సన్నని బీట పడినను వాయువు నిలువదు. పని తెలిసిన మేస్త్రీ లేనిచో దాని జోలికి పోరాదని మా యభిప్రాయము.

ఇక లెక్క. కిలో పచ్చిపేడనుండి సుమారు 40 లీటర్ల వాయువు వచ్చును. దినమునకు 25 కిలోల పేడను అంతే నీటితో చిక్కని అంబలివలె కలిపి పోసినచో ఒక ఘనపు మీటరు వాయువు లభించును. నలుగురున్న యింటి వంటకిది చాలును. నెల మొత్తమున దాదాపొక సిలిండరు బండకు సరి. నాటు పశువు దినమునకు 10 కిలోల పేడ వేయుననుకొన్నచో మూడు పశువులుండవలెను. అయితే పగలెల్ల ఏటిగట్టున మేయు పశువు పేడలో సగము ఏటిగట్టుననే పోవును! మేమెఱిగిన యొక యింట ఐదు పశువుల లెక్కకు గొయ్యి కట్టిరి. పిదప మూడింటిని అమ్మిరి. వాయువు పొయ్యికి చాలక, నేడా గొయ్యి వట్టిగ పడియున్నది. కావున సంఘమువారు అప్పు ఇచ్చుటకు ముందు పశువులను లెక్కించుట కాక, శాలలో దొరకు పేడను తూచి చూడవలయును. ఒకటి రెండు పశువులున్నవారు ఇరుగుపొరుగు కలిసి ఒక్క గొయ్యి కట్టుకొనవచ్చును. ఎవరి పేడ యెంత, ఎవరి పొయ్యి యెప్పుడు అని ముందే వ్రాసికొనుట మేలు.

మన ప్రాంతపు వేడి యీ జీవులకు ననుకూలమే. 35 డిగ్రీల దరిదాపున బాగుగ పనిచేయును. మార్గశిర పుష్య మాసముల చలికి వాయువు కొంత తగ్గును.

వాతావరణమునకు మేలు కలుగునా యని కొందఱడుగుచున్నారు. కలుగును గాని, ఒక షరతుతో. మీథేను కాలక గాలిలో కలిసినచో, నూఱేండ్ల లెక్కలో, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించును. పొయ్యిలో కాలినచో బొగ్గుపులుసు వాయువు, నీటి యావిరి యగును. అదియు పశువు తిన్న గడ్డి గాలినుండి తీసికొన్నదే. కట్టెలు మిగులును, ఆడవారి కన్నులకు పొగ తప్పును. బీట పడి కాఱు గొయ్యి మాత్రము ఎండిన పిడకకంటె గాలికి కీడు. నెలకొకసారి గొట్టపు టతుకులపై సబ్బునీరు పూసి బుడగలు చూడవలయును. అగ్గిపుల్లతో పరీక్షించుట ప్రాణాపాయము. ఖాళీ చేసిన గొయ్యిలోనికైనను ఎవరును దిగరాదు.

వరిమడిలోని మీథేనును మనము పట్టలేము. పైరు నడుమ నీరు తీసి మడిని ఆరనిచ్చి మరల పెట్టినచో నది తగ్గును, నీరును మిగులును. పొట్టదశలో మాత్రము ఆరనీయరాదు.

పిడకను కాల్చినచో దానిలోని నత్రజని పొగలో పోవును. గోతిలో నట్లు కాదు. వాయువు పోయినను నత్రజని బురదలోనే యుండును. ఆ బురదను ఎండలో పఱచినచో కొంత గాలిలో కలియును గనుక, పచ్చిగనే కాలువ నీటితో మడికి పాఱించుటయో, ఎండుటాకులతో పొరలు పొరలుగ కప్పి గత్తముగ చేయుటయో మంచిది.